అరిజోనాలో ఇంటి చదువు: ఎలెక్టివ్‌లు ఎలా ఎంచుకోవాలి, ఏ ఖర్చు తిరిగి వస్తుంది

మూడేళ్ళ కిందట మా అమ్మాయిని ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టిన కొత్తలో, మూడు నెలల సంగీతం ఫీజు 360 డాలర్లు తిరిగి ఇమ్మని, ఇంటి చదువు ఖర్చుకి రాష్ట్రం డబ్బిచ్చే ఈఎస్ఏ పథకంలో క్లెయిమ్ పెట్టాను. దానికి జత చేసింది టీచర్ గారు నాకు ఫోన్లో పంపిన ఒక్క ముక్క: "ఫీజు అందిందమ్మా, థ్యాంక్స్". కొన్నాళ్ళకి క్లెయిమ్ వెనక్కి వచ్చింది. పిల్ల పేరు లేదు, ఏం నేర్పారో లేదు, ఏ తేదీల్లో నేర్పారో లేదు, నేర్పినవాళ్ళ అర్హత ఏమిటో లేదు. తప్పు నాదే. ఆ రాత్రి కూర్చుని ఒక పద్ధతి రాసుకున్నాను, ఏటా దాన్నే కాస్త కాస్త సరిచేసుకుంటూ వాడుతున్నాను. చాండ్లర్, గిల్బర్ట్ వైపు కొత్తగా ఇందులోకి దిగుతున్న మనవాళ్ళు కలిసిన ప్రతిసారీ ఎలెక్టివ్‌లు, అంటే తప్పనిసరి సబ్జెక్టులు కాక పిల్ల ఇష్టంతో తీసుకునేవి, ఎలా ఎంచుకోవాలి, ఏ ఖర్చు తిరిగి వస్తుంది అనే అడుగుతున్నారు కాబట్టి వరసగా రాస్తున్నాను. ఇది అరిజోనా సంగతి అని గుర్తుపెట్టుకోండి. కాలిఫోర్నియాలో ఇంటి చదువుకి సాయం చేసే చార్టర్ స్కూళ్ళలో (ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడులు) డబ్బు అమ్మానాన్నల చేతికి రాదు, స్కూలే కొనిస్తుంది. అక్కడి చుట్టాలు చెప్పిన మాట ఇక్కడ పట్టుకోవద్దు.

ముందు మీరు ఏ దారిలో ఉన్నారో తేల్చుకోండి

ఇక్కడ పిల్లల్ని ఇంట్లో చదివించడానికి రెండు దారులున్నాయి, రెండూ చట్టం దృష్టిలో వేరు. ఒకటి, కౌంటీ స్కూల్ సూపరింటెండెంట్ ఆఫీసులో అఫిడవిట్ ఇచ్చి హోమ్‌స్కూల్ చేయడం. ఇందులో ప్రభుత్వం నుంచి ఒక్క డాలరు కూడా రాదు, మీ మీద పర్యవేక్షణా పెద్దగా ఉండదు. రెండోది ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్, అందరూ ఈఎస్ఏ అనేది దీన్నే. 2011లో వైకల్యం ఉన్న పిల్లల కోసం మొదలైంది, 2022లో చట్టం మార్చి రాష్ట్రంలోని పిల్లలందరికీ తెరిచారు. చార్టర్ స్కూల్లో చేరితే ఆ పిల్ల మీద రాష్ట్రం పెట్టే డబ్బులో 90 శాతం మీ పిల్ల పేరున ఖాతాలో వేస్తారు. ఒకటో తరగతి నుంచి చాలామందికి ఏడాదికి 7,000 - 8,000 డాలర్ల మధ్య వస్తుంది, కిండర్‌గార్టెన్‌కి తక్కువ, వైకల్యం ఉన్న పిల్లలకి ఇంకా ఎక్కువ.

రెండు దారుల్లోనూ ఒకేసారి నడవడం కుదరదు. ఇప్పటికే అఫిడవిట్ ఇచ్చి ఉంటే దాన్ని వెనక్కి తీసుకున్నాకే ఈఎస్ఏ కాంట్రాక్టు. పిల్ల పేరు పబ్లిక్ స్కూల్లో గానీ చార్టర్లో గానీ ఉండకూడదు, ఆన్‌లైన్ చార్టర్ కూడా చార్టరే. అరిజోనాలో ఉంటున్నట్టు రుజువు, పుట్టిన తేదీ ధ్రువపత్రం పెట్టి దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాంట్రాక్టు తేదీకి ముందు పెట్టిన ఖర్చు లెక్కలోకి రాదు. జులైలో డిస్కౌంట్ ఉందని తొందరపడి పుస్తకాలు కొనేసి, ఆగస్టులో కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన వాళ్ళు నాకు తెలుసు. ఆ పుస్తకాల డబ్బు వాళ్ళకి పోయినట్టే.

తర్వాత ఐదు సబ్జెక్టులు, అవి కుదిరాకే ఎలెక్టివ్‌లు

కాంట్రాక్టులో మీరు ఒప్పుకునేది ఇదీ: చదవడం, వ్యాకరణం, లెక్కలు, సాంఘిక శాస్త్రం, సైన్సు, ఈ ఐదింట్లో పిల్లకి చదువు చెప్పిస్తాను అని, ఖాతాలో డబ్బులో కొంత వాటికి వాడతాను అని. సంతకం పెట్టేటప్పుడు చాలామంది చదవరు. నాకు తెలిసిన ఒక ఇంట్లో మొదటి ఏడాది మొత్తం డాన్సుకీ, ఈతకీ, రోబోటిక్స్‌కీ పెట్టేశారు, లెక్కలు ఆన్‌లైన్లో ఉచితంగా చూసుకున్నారు. చదువు బాగానే సాగింది గానీ రేపు ఎవరైనా ఖాతా తీసి చూస్తే ఐదు సబ్జెక్టులకి పెట్టిన ఖర్చు ఒక్కటీ కనపడదు. కాబట్టి ఉచితంగా దొరికేది ఎంత బాగున్నా, ఈ ఐదింటికీ కొంతైనా ఖాతాలోంచే ఖర్చు పెట్టండి.

ఒక కాగితం మీద ఐదు గీతలు గీసి, ఒక్కోదాని పక్కన పుస్తకం ఏది, ఎవరు చెప్తారు, వారానికి ఎన్ని గంటలు అని రాయండి. ఒక సాయంత్రం పని. ఇది అయ్యేదాకా డాన్స్ టీచర్‌కి ఫోన్ చేయొద్దు.

ఎలెక్టివ్ ఎంచుకునేటప్పుడు

ఇక్కడ మాత్రం తొందరపడకండి. మనవాళ్ళు ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. ఖాతాలో డబ్బు కనపడగానే ఏం కొనొచ్చు అన్న జాబితా ముందేసుకుని కూర్చుంటాం, చెస్, అబాకస్, కోడింగ్, వయొలిన్, గుర్రపు స్వారీ, అన్నీ బాగానే కనిపిస్తాయి, పిల్లని అడిగితే అన్నిటికీ తలూపుతుంది. నవంబరు వచ్చేసరికి చాండ్లర్ నుంచి పియోరియా దాకా కార్లోనే సాయంత్రాలన్నీ అయిపోతాయి, పిల్ల వెనక సీట్లో నిద్రపోతుంటుంది, లెక్కల పుస్తకం సంచిలోంచి బయటికే రాదు.

అందుకని జాబితా చూడకముందు పిల్లని చూడండి. రెండు వారాల పాటు, ఎవరూ చెప్పకుండా తనంతట తను ఏం చేస్తోందో రోజూ రాత్రి ఒక్క లైను రాసి పెట్టుకోండి. మా అబ్బాయి విషయంలో నేను కోడింగ్ అనుకున్నాను, వాళ్ళ నాన్న చెస్ అన్నారు. రెండు వారాల నోటు తీసి చూస్తే తొమ్మిది రోజులు ఒకటే కనపడింది: పెరట్లో రాళ్ళు ఏరుకొచ్చి, కడిగి, గుడ్డు అట్టల్లో రంగుల వారీగా పెట్టుకోవడం. ఆ ఏడాది వాడి ఎలెక్టివ్ భూగర్భ శాస్త్రం అయింది. అరిజోనాలో రాళ్ళకి కొదవా! ఒక పాఠ్యపుస్తకం, చేతి భూతద్దం, చవకలో ఒక చిన్న మైక్రోస్కోప్, అంతే ఖర్చు. వాడు చదువుతున్నానని కూడా అనుకోలేదు.

ఏడాదికి రెండు ఎలెక్టివ్‌లు చాలు, మూడోది వద్దు. నా అభిప్రాయం ఏమిటంటే ఒకటి చేతితోనో ఒంటితోనో చేసేది ఉండాలి, ఒకటి నాలుకతోనో చెవితోనో నేర్చేది ఉండాలి. మొదలుపెట్టాక కనీసం ఒక సెమిస్టర్ ఆపకూడదని పిల్లతో ముందే మాట్లాడుకోండి. మధ్యలో మానేస్తే డబ్బు సంగతి తర్వాత, ఆ క్లాసు తాలూకు కాగితాలన్నీ సగం సగం మిగిలి మీకే తలనొప్పి.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో రుచి చూడనివ్వండి, ఏదైనా సరే. తొమ్మిది నుంచి మాత్రం లెక్క మారుతుంది. అరిజోనా స్టేట్ (ఏఎస్‌యూ), యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా, నార్తర్న్ అరిజోనా, ఈ మూడు రాష్ట్ర యూనివర్సిటీలూ సాధారణంగా హైస్కూల్లో 16 కోర్సులు అడుగుతాయి: ఇంగ్లిష్ 4, లెక్కలు 4, ల్యాబ్ ఉన్న సైన్సు 3, సాంఘిక శాస్త్రాలు 2, ఒకే రెండో భాష 2, లలిత కళలు లేదా వృత్తి విద్య 1. చివరి మూడు కోర్సుల్నీ ఇంకోసారి చూడండి. రెండేళ్ళ భాష, ఒక ఏడాది కళ. అంటే మీరు ఎలాగూ శనాదివారాలు పిల్లని తీసుకెళ్ళే తెలుగు క్లాసు, కూచిపూడి క్లాసు, సరిగ్గా నడిపి సరిగ్గా రాసుకుంటే, ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే హైస్కూల్లో చదివినవన్నీ గ్రేడులతో ఉండే పత్రంలో, కోర్సులుగా చూపించుకోవడానికి దారి ఉంది.

తెలుగు గురించి కాస్త ఎక్కువ రాయాలనిపిస్తోంది. మనలో చాలామంది తెలుగుని ఇంటి వ్యవహారం అనుకుని సబ్జెక్టుగా లెక్కే వేయరు. పిల్లకి స్పానిష్ పెట్టి, తెలుగు ఆదివారం గంటసేపు వీలైతే చూద్దాం అంటారు. తెలుగు ఒక చదువు అని ఇంట్లో టైం టేబుల్ మీద రాసి పెట్టిన రోజు నుంచి మా అమ్మాయి దాన్ని చూసే తీరే మారిపోయింది. మొదట్లో వాళ్ళ అమ్మమ్మకి ఉత్తరం రాస్తూ "అమమ్మ" అని రాసింది, ఒక మ కింద ఒత్తు పెట్టి ఇంకో మకి మర్చిపోయింది. ఆ ఉత్తరం తెనాలిలో ఇప్పటికీ బీరువాలో ఉంది. తొమ్మిదో తరగతి అయ్యేసరికి అదే పిల్ల పేజీన్నర రాసింది, అందులో వాళ్ళ అమ్మమ్మ చెప్పిన సామెత ఒకటి సరైన చోట వాడింది. దీన్ని క్రెడిట్‌గా చూపించుకోవడానికి సిగ్గెందుకు?

ఒక ఇబ్బంది ఉంది. తెలుగుకి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష (హైస్కూల్లో ఉండగానే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) లేదు. ఇంట్లో నేర్పాను అని మీరు చెప్తే సరిపోకపోవచ్చు కాబట్టి బయటి రుజువు ఒకటి చేతిలో ఉండాలి. అవాంట్ వాళ్ళ స్టాంప్ అనే భాషా పరీక్షలో తెలుగు ఉంది, రాయడం, మాట్లాడటం రెండూ చూస్తారు. మనబడి లాంటి చోట స్థాయిలవారీగా చదివి ఉంటే ఆ మార్కులు, సర్టిఫికెట్లు కూడా దాచండి. మీ పిల్ల ఏ యూనివర్సిటీ మీద కన్నేసిందో అక్కడి అడ్మిషన్ ఆఫీసుకి పదో తరగతిలోనే మెయిల్ రాసి, తెలుగుని రెండో భాషగా చూపించడానికి ఏ కాగితం కావాలో లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. పన్నెండో తరగతిలో అడిగితే ఆలస్యం.

కొనకముందే ఒక పేజీ రాయండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దీన్ని గుర్తుంచుకోండి. ఈఎస్ఏ చట్టంలో కరిక్యులమ్ అంటే ఒక సబ్జెక్టుకో తరగతికో సంబంధించిన చదువు ప్రణాళిక, దానికి కావలసిన లేదా అందులో సూచించిన సామగ్రి కూడా కలిపి. 2024లో పెన్సిళ్ళు, కథల పుస్తకాలు లాంటి వాటికి కూడా కరిక్యులమ్ చూపించాలా అని ఇక్కడ పెద్ద వివాదమే నడిచింది, అటార్నీ జనరల్ దాకా, కోర్టు దాకా వెళ్ళింది. ఎవరి వాదన ఎలా ఉన్నా మనం క్షేమంగా ఉండే మార్గం ఒకటే: ప్రతి ఎలెక్టివ్‌కీ ఒక పేజీ రాసి, కొనబోయే ప్రతి వస్తువు పేరూ ఆ పేజీలో ఉండేలా చూసుకోవడం. పేజీ తేదీ బిల్లు తేదీకి ముందుండాలి.

మా ఇంట్లో తెలుగు పేజీ ఇలా ఉంటుంది. పైన "తెలుగు, రెండో ఏడాది, 9వ తరగతి". కింద "ఆగస్టు నుంచి మే దాకా, 35 వారాలు. శనివారం క్లాసు 2 గంటలు, ఇంట్లో వారానికి గంటన్నర". ఆ కింద ఏడాది చివరికి ఏం రావాలి: ఒత్తులు తప్పు లేకుండా రాయడం, సొంతంగా ఒక పేజీ ఉత్తరం, 20 పద్యాలు అర్థంతో చెప్పడం, ఒక వార్త చదివి ఐదు వాక్యాల్లో సొంతమాటల్లో చెప్పడం. ఆ కింద సామగ్రి: వాచకం, రూళ్ళ నోటు పుస్తకాలు 4, తెలుగు కథల పుస్తకాలు 6, చిన్న వైట్ బోర్డు ఒకటి, ప్రింటర్ ఇంకు. చివర్లో నేర్పేవాళ్ళ పేరు, నా పేరు, తేదీ. ఇంగ్లిష్‌లోనే టైపు చేయండి, చదివే అధికారికి అర్థం కావాలి కదా.

గంటలు ఎందుకు రాస్తున్నానంటే, హైస్కూల్లో ఒక క్రెడిట్ అంటే సుమారు 120 గంటల పని అని ఎప్పటి నుంచో ఉన్న లెక్క. పైన చెప్పినదాంట్లో క్లాసులు 70 గంటలు, ఇంటి పని 52న్నర, కలిపి 122న్నర. కూచిపూడికి వారానికి గంటన్నర క్లాసు, వారంలో నాలుగు రోజులు అరగంట సాధన అనుకుంటే 40 వారాలకి 140 గంటలు వస్తాయి. వారానికి ఒక్క గంట క్లాసుకి వెళ్ళి ఇంటికొచ్చి మళ్ళీ ముట్టుకోకపోతే ఏడాదికి 40 గంటలకి మించవు. అది సరదా అవుతుంది గానీ కోర్సు అవదు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సని రాయకండి.

ఏది వస్తుంది, ఏది రాదు

చట్టంలో స్పష్టంగా ఉన్నవి చెప్తాను. కరిక్యులమ్, దాని సామగ్రి. అర్హత ఉన్న ట్యూటర్ ఫీజు. ప్రైవేటు స్కూలు ఫీజు, ప్రైవేటు ఆన్‌లైన్ కోర్సు ఫీజు. జాతీయ స్థాయి ప్రామాణిక పరీక్షలు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, కాలేజీ ప్రవేశ పరీక్షల ఫీజు. కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఫీజు, దాని పుస్తకాలు. పబ్లిక్ స్కూల్లో ఒక్కో క్లాసు విడిగా తీసుకుంటే ఆ ఫీజు. చదువుకి వాడే కంప్యూటర్, ట్యాబ్లెట్, క్యాలిక్యులేటర్, ప్రింటర్, మైక్రోస్కోప్, టెలిస్కోప్.

రానివి కూడా చట్టంలోనే ఉన్నాయి: టీవీ, ఫోను, వీడియో గేమ్ కన్సోల్, హోమ్ థియేటర్. మీ పిల్లకి మీరే పాఠం చెప్పి మీకే ఫీజు రాసుకోవడం కుదరదు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ లాంటివి వైకల్యం నిర్ధారణ అయిన పిల్లలకే. కూచిపూడి పాఠం ఫీజు ఒక సంగతి, అరంగేట్రం హాలు అద్దె, భోజనాలు, పట్టు డ్రెస్సు, నగలు వేరే సంగతి. ఆ రెండో రకం ఇంటి వేడుక, మన జేబులోంచే పెట్టుకోవాలి. ఇంటి వేడుకకి పన్నుల డబ్బు అడగాలని నాకెప్పుడూ అనిపించలేదు.

టీచర్ గారి దగ్గర బిల్లు ఎలా తీసుకోవాలి

మన సంగీతం, నాట్యం టీచర్లు చాలామంది ఇంట్లోనే నేర్పుతారు, ఫోన్లోంచే డబ్బు పంపే జెల్ (Zelle)లో వేయమంటారు, లేదా కవరులో పెట్టి ఇవ్వమంటారు. మొదటి రోజు మొహమాటంగానే ఉంటుంది, అయినా అప్పుడే మాట్లాడాలి. నేను ఇలా అడుగుతాను: "టీచర్ గారూ, పాప ఫీజు ఈఎస్ఏ నుంచి కట్టాలనుకుంటున్నాం. నెలకో ఇన్‌వాయిస్, మీ చదువు సర్టిఫికెట్ కాపీ ఒకటి కావాల్సి వస్తుంది. ఖాళీ ఫారం నేను పంపిస్తాను, మీకు వీలవుతుందా అండీ?" వీలు కాదంటే ఆ మాటని అక్కడితో వదిలేయండి. ఆవిడ దగ్గరే నేర్పించాలనుకుంటే మీ సొంత డబ్బుతో కట్టండి. ఫారం ఖాళీగా పంపండి, నింపేదీ సంతకం పెట్టేదీ ఆవిడే కావాలి. ఆవిడ బదులు మీరు నింపితే అది ఆవిడ ఇచ్చిన బిల్లు అనిపించుకోదు.

ఇంకో సున్నితమైన విషయం, మనవాళ్ళలో ఎవరూ పైకి అనరు. హెచ్-4 వీసా (ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉండి ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం) లేనివాళ్ళకి ఇక్కడ సంపాదించడానికి అనుమతి లేదు. అలాంటి వాళ్ళని ఇన్‌వాయిస్ అడిగి, వాళ్ళ పేరు ప్రభుత్వ ఖాతాలోకి ఎక్కిస్తే కష్టం వచ్చేది వాళ్ళకే. ఎంత బాగా పాడినా సరే, ఈ లెక్కలోకి వాళ్ళని లాగకండి.

మంచి ఇన్‌వాయిస్‌లో ఏం ఉండాలంటే: నేర్పేవాళ్ళ పూర్తి పేరు, చిరునామా, ఫోను, మీ పిల్ల పూర్తి పేరు, ఏం నేర్పారు, ఏ ఏ తేదీల్లో, ఒక్కో క్లాసుకి ఎంత, మొత్తం ఎంత, డబ్బు ముట్టిందని ఒక లైను. "సంగీతం, అక్టోబరు, 120 డాలర్లు" అని రాస్తే చాలదు. "కర్ణాటక సంగీతం, గాత్రం, అక్టోబరు 4, 11, 18, 25, క్లాసుకి 30 డాలర్లు, మొత్తం 120" అని ఉండాలి. ఇద్దరు పిల్లలు ఒకే టీచర్ దగ్గరికి వెళ్తుంటే ఎవరి బిల్లు వాళ్ళకి విడిగా, ఎందుకంటే ఇద్దరివీ వేర్వేరు ఖాతాలు.

మూడు నెలల లెక్క

డబ్బు ఏడాదిదంతా ఒకేసారి రాదు, మూడు నెలలకోసారి పడుతుంది, జులై నుంచి మొదలుపెట్టి నాలుగు సార్లు. ఏడాదికి 7,200 అనుకుందాం, క్వార్టర్‌కి 1,800. మొదటి క్వార్టర్‌లో ఐదు సబ్జెక్టుల పుస్తకాలు, సైన్స్ కిట్ కలిపి 900 అయ్యాయనుకోండి, సంగీతం 12 క్లాసులకి 360, కూచిపూడి నెలకి 80 చొప్పున 240, మొత్తం 1,500. మిగిలిన 300 ముట్టుకోకండి. రెండో క్వార్టర్ నుంచి పుస్తకాల ఖర్చు తగ్గుతుంది, మిగులు పెరుగుతుంది. కాంట్రాక్టు ఏటా కొనసాగిస్తుంటే మిగిలింది మురిగిపోదు, తర్వాతి క్వార్టర్‌కీ తర్వాతి ఏడాదికీ వస్తుంది. కాబట్టి "జూన్ లోపు ఖర్చు పెట్టెయ్యాలి" అని ఎవరైనా అంటే వినకండి. హైస్కూల్ పిల్లలకి ఆ మిగులు బంగారం. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష ఒక్కోటి 2025లో 99 డాలర్లు, నవంబరు మధ్యలోపే ఏదో ఒక స్కూల్లో పేరు ఇచ్చుకోవాలి. కమ్యూనిటీ కాలేజీలో ఒక సైన్సు కోర్సు ల్యాబ్‌తో సహా తీసుకుంటే యూనివర్సిటీకి చూపించుకునే ల్యాబ్ సైన్సు సమస్య కూడా తీరుతుంది, ఇంట్లో చేసిన ల్యాబ్‌ని నిరూపించడం కన్నా అది చాలా తేలిక.

డబ్బు కట్టే పద్ధతి, రసీదులు

క్లాస్‌వాలెట్ అనే వేదిక మీద ఇదంతా నడుస్తుంది. అందులోనే దుకాణాల నుంచి కొనొచ్చు, టీచర్‌కి అక్కడి నుంచే నేరుగా కట్టొచ్చు, డెబిట్ కార్డు తీసుకోవచ్చు, లేదా మీరు ముందు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు. నేరుగా కట్టే వీలుంటే అదే మంచిది, మీ డబ్బు ఇరుక్కోదు. రీయింబర్స్‌మెంట్ తప్పదనుకున్నప్పుడు చెల్లించినట్టు రుజువు కూడా పెట్టాలి: కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ లైను గానీ, చెక్కు కాపీ గానీ. నగదు ఇస్తే రుజువు కష్టం, అందుకే కవరులో పెట్టి ఇవ్వడం మానేశాను.

రసీదులు కొట్లో చేతికివ్వగానే అక్కడే ఫోటో తీయండి. ఇది చాదస్తం అనుకోకండి. ఆ రసీదులు వేడి తగిలితే రాతలు కనపడని కాగితం. జులైలో కారు డాష్‌బోర్డ్ మీద పెట్టి గంటసేపు కాస్ట్‌కోలోకి వెళ్ళొచ్చాను, వచ్చి చూస్తే 64 డాలర్ల ఆర్ట్ సామాను రసీదు పొడుగూతా నల్లగా మాడి ఉంది, ఒక్క అంకె కనపడలేదు. ఎండలో పక్కకి తిప్పి, దీపం కింద పెట్టి ఎంత చూసినా రాలేదు. ఆ 64 నా జేబులోంచే పోయింది. అప్పటి నుంచి ఫోటో తీసి, ఫైలు పేరు తేదీ, కోర్సు, మొత్తం వచ్చేలా మార్చి, ఒక్కో క్వార్టర్‌కి ఒక ఫోల్డర్‌లో వేసి, ఆ కోర్సు పేజీని కూడా అందులోనే పెడుతున్నాను. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ పది నిమిషాల పని.

ఆమోదం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు

2024 డిసెంబరు నుంచి 2,000 డాలర్ల లోపు ఖర్చుల్ని వెంటనే ఆమోదించి, తర్వాత తనిఖీ చేసే పద్ధతి పెట్టారు. 2025 నాటికి ఈ పథకంలో సుమారు 90 వేల మంది పిల్లలున్నారు, ఒక్కో బిల్లు ముందే చూడటం పథకం నడిపే విద్యాశాఖకీ సాధ్యం కాలేదు. దీంతో కొందరు "క్లెయిమ్ పాసయింది, అంటే కొనొచ్చన్నమాట" అనుకుంటున్నారు. పాసవడం వేరు, చట్టానికి సరిపోవడం వేరు. తర్వాత తనిఖీలో తేలితే ఆ డబ్బు కట్టించుకుంటారు, ఖాతా ఆపేస్తారు, కావాలని మోసం చేశారనిపిస్తే అటార్నీ జనరల్ దగ్గరికి వెళ్తుంది. వీసా మీద ఉన్న కుటుంబాలకి అలాంటి టెన్షన్ అసలు అక్కర్లేదు. ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: రెండేళ్ళ తర్వాత ఎవరైనా ఇది ఏ కోర్సుకి అని అడిగితే ఏ పేజీ చూపిస్తాను? పేజీ లేకపోతే కొనకండి, లేదా సొంత డబ్బుతో కొనండి.

వెనక్కి ఇచ్చిన వస్తువు డబ్బు, రద్దయిన క్లాసు డబ్బు మీ చేతికి రాకూడదు, ఖాతాలోకే వెళ్ళాలి. ఒక వేసవిలో మా అబ్బాయి సైన్స్ క్యాంప్ రద్దయి, నిర్వాహకులు మంచిమనసుతోనే నా పేరున చెక్కు రాసి పంపారు. బ్యాంకులో వేయకుండా వాళ్ళకే తిప్పి పంపి, డబ్బు ఎటు నుంచి వచ్చిందో అటే పంపమని మెయిల్ రాశాను. మూడు ఫోన్లు పట్టింది. ఇప్పుడు ఏ క్లాసులో చేర్పించినా రద్దయితే ఎలా అన్నది ముందే మెయిల్లో అడిగి పెట్టుకుంటున్నాను.

ఊరు మారితే, బడిలో వేస్తే

ఐటీ ఉద్యోగాలు, ఎప్పుడు డాలస్ వెళ్ళమంటారో తెలియదు. రాష్ట్రం విడిచి వెళ్తే ఖాతా మూసేయాలి, మిగిలింది రాష్ట్రానికే పోతుంది. పిల్లని మళ్ళీ పబ్లిక్ స్కూల్లో వేయాలనుకుంటే ముందు ఈఎస్ఏ కాంట్రాక్టు ముగించి ఆ తర్వాతే చేర్పించండి, ఒక్క వారమైనా రెండూ కలిసి ఉండకూడదు. టీచర్లకి మూడు నెలల ఫీజు ముందే కట్టి ఉంటే అలాంటప్పుడు చిక్కు, అందుకే నెలకి మించి ముందుగా కట్టను.

జూన్‌లో చేసే పని

కాంట్రాక్టు కొనసాగించే ముందు ఒక పూట కూర్చోండి, పిల్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు ఎలెక్టివ్‌ల పేజీలూ తీసి, ఏడాది చివరికి రావాలని రాసుకున్నవి వచ్చాయా చూడండి. మా ఇంట్లో మొన్న జూన్‌లో కూచిపూడి పేజీలో నాలుగుకి మూడు వచ్చాయి, తెలుగులో "వార్త చదివి చెప్పడం" దగ్గర మా అమ్మాయే పెన్ను తీసుకుని సగం టిక్కు పెట్టింది, వచ్చే ఏడాది పేజీలో అదే మొదటి లైను రాయమంది. హైస్కూల్ పిల్లలైతే అక్కడే ట్రాన్‌స్క్రిప్ట్ ఫైలు తెరిచి కోర్సు పేరు, గంటలు, క్రెడిట్, గ్రేడు, నేర్పినవాళ్ళ పేరు ఎక్కించేయండి. కోర్సు పేరు రాసేటప్పుడు చదివేవాళ్ళకి అర్థమయ్యేలా రాయండి, "కూచిపూడి" అని ఒక్క మాట కాకుండా "భారతీయ శాస్త్రీయ నృత్యం: కూచిపూడి, మొదటి ఏడాది" అని. ఏడాదిలో చేసిన ఒక మంచి పని, ఒక ఉత్తరమో ఒక వీడియోనో, అదే ఫోల్డర్‌లో పెట్టండి. తర్వాత జులై డబ్బు పడేలోపు కొత్త పేజీలు రాసేసుకోండి.